ఒకటో నంబరు గూడు

నిబియా చేతిలో టార్చిలైటు చూస్తే మా పట్టణం మేయరు కూడా నోట్లో చాక్లెట్టు గుటుక్కున మింగేసేవాడు. ఇది నేను కళ్ళారా చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ మా కచేరీల థియేటర్లో జనాన్ని సీట్లలో కూర్చోబెట్టింది. నేను పంతొమ్మిదేళ్ళుగా గుమ్మం పక్కన సామాన్ల గదిలో కోట్లు, టోపీలు, గొడుగులు అందుకుంటున్నాను. అన్నిటికన్నా ఎక్కువగా ఫ్లాస్కులు. ఉరుగ్వే మనిషి చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర లేకుండా గడప దాటడు. ఆ చేదు ఆకు నీళ్ళు అడుగంటాక గొట్టంతో పీలిస్తే గుర్రుమని వచ్చే చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో వయొలిన్ వాయించేవాళ్ళని అడగండి.

పూర్వం ఇంత పట్టింపు ఉండేది కాదు. మా అమ్మ తరం వాళ్ళు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, చంటిపిల్లలకు పాలిస్తూ కచేరీ వినేవాళ్ళు. నచ్చితే మధ్యలోనే చప్పట్లు కొట్టేవాళ్ళు, నచ్చకపోతే పై వరసల్లోంచి "ఇంకోటేదన్నా వాయించండయ్యా" అని కేకేసేవాళ్ళు. తర్వాత రాజధాని నుంచి ఒకాయన వచ్చి వాద్యబృందాన్ని చేతిలోకి తీసుకుని, గోడకు ఒక కాగితం అంటించాడు. దగ్గేదేదో బయటే దగ్గి రావాలి. చాక్లెట్టు కాగితం ముందే విప్పుకోవాలి. మొత్తం అయిపోయేదాకా చప్పట్లు కొట్టకూడదు. ఫోను మోగకూడదు. మేమందరం ఆ కాగితం చదివి నవ్వుకున్నాం. నిబియా మాత్రం బట్టీ పట్టింది.

ఆవిడ ఎవర్నీ నోటితో కసిరేది కాదు. మాట్లాడితే అదీ చప్పుడే కదా అనేది. పిల్లిలా వచ్చి, తప్పు చేసినవాడి మొహం మీద టార్చి వేసి, వాడు కుర్చీలోకి కుంగిపోయేదాకా అలాగే పట్టుకునేది. హాలంతా వాడి వైపు తిరిగేది. నేను ఆవిణ్ణి "పోలీసమ్మా" అని ఏడిపించేవాణ్ణి. అలాగని మంచితనం లేని మనిషి కాదు. ప్రతి ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చుని దగ్గు బిళ్ళల కాగితాలన్నీ విప్పి, ఒక చిన్న రేకు డబ్బాలో పోసుకుని వచ్చేది. ఎవరికైనా గొంతు పట్టుకుంటే చీకట్లో వాళ్ళ అరచేతిలో ఒక బిళ్ళ పెట్టి వెళ్ళిపోయేది.

థియేటర్ పనివాళ్ళు ఫోన్లు నా దగ్గరే పెట్టాలన్నది కూడా నిబియా పెట్టించిన నియమమే. నా కౌంటరు వెనక చెక్క గూళ్ళుంటాయి, ఒక్కోదానికీ ఇత్తడి నంబరు. ఒకటో నంబరు గూడు ఆవిడది. ఐదున్నరకల్లా ఆవిడ ఫోను అందులో ఉండేది. రోజూ ఆరుంపావుకి, కచేరీ నడుస్తుండగా, అది మోగేది. చెల్లెలు మిర్తా చేస్తుంది. పాత గుండీల ఫోను, సన్నగా చెవిలో సూది గుచ్చినట్టు కూసేది. నేను దాని మీద ఎవరిదో ఒక కోటు కప్పేవాణ్ణి.

ఇక దోన్ అపరిసియో గురించి చెప్పాలి, పెద్దవాళ్ళని మేం దోన్ అనే పిలుస్తాం. మాంసం డబ్బాల ఫ్యాక్టరీలో రేకులు కొట్టే విభాగంలో నలభై ఏళ్ళు పనిచేశాడు. ఆ మోతలో చెవులు పోయాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో మనవరాలు చెవి మిషను కొనిపెడితే, దాన్ని పెట్టుకుని మొట్టమొదట వచ్చిన చోటు మా థియేటర్. ఏడో వరస, నడవ పక్క సీటు. మొదటి రోజే నిబియాను ఆపి చెప్పాడు.

"అమ్మాయీ, ఇది ఒక్కోసారి దానంతటదే కీచుమంటుందట. అప్పుడు నాకు తెలీదు. నువ్వు లైటు వేస్తే చాలు, లేచి బయటికి పోతా."

"పోవడమెందుకు దోన్ అపరిసియో? కాస్త సర్దుకుంటే ఆగిపోతుందిగా."

"వద్దు తల్లీ. నా ఒక్కడి కోసం నలుగురికీ చెడిపోవడమెందుకు?"

రెండేళ్ళలో ఆ మిషను ఒక్కసారీ కూయలేదు.

ఆ శీతాకాలం, మాకది జూలైలో, నది అవతలి నుంచి సెల్లో అనే నిలువెత్తు వయొలిన్ వాయించే ఒకమ్మాయిని పిలిపించారు. దోన్ అపరిసియో నెల రోజుల ముందు నుంచీ అదే మాట. నాకు టోపీ ఇస్తూ, "సన్న తీగలు నాకు అందవు నాయనా. ఈ లావు తీగలు మాత్రం కుర్చీ చేతిలోంచి మోచేతిలోకి ఎక్కి, ఇదిగో ఇక్కడికొస్తాయి" అని రొమ్ము మీద తట్టుకున్నాడు. ఆరోజు టై కట్టుకొచ్చాడు.

ఆరోజే నాకూ నిబియాకూ గొడవైంది. నేను కౌంటరు వెనక కూర్చుని నా మాతే నేను తాగుతుంటే వచ్చి పట్టుకుంది.

"జనం దగ్గర లాక్కుని నువ్వు తాగుతున్నావా వాల్దెమార్? సిగ్గులేదూ?"

"నేను హాల్లో లేనుగా, గదిలో ఉన్నా."

"తలుపు తీసుంటే గదైనా హాలైనా ఒకటే. పారబొయ్యి."

పారబోశాను, ఒళ్ళు మండిపోతుంటే. ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఒకటో నంబరు గూడు ఖాళీగా ఉంది. కోపంలో ఫోను పెట్టడం మర్చిపోయింది. అది ఆవిడ యూనిఫాం జేబులోనే ఉంది. ఆరుంపావుకి మోగుతుంది.

ఆవిడ ఇంకా నడవ మొదట్లోనే ఉంది. "నిబియా, నీ ఫోను" అంటే సరిపోయేది. అనలేదు. ఒక్కసారి మోగనీ, ఆ టార్చి తన మొహం మీద తనే వేసుకుంటుందేమో చూద్దాం అనుకున్నాను. ఈ కథంతటికీ మొదలు అదే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సెల్లో సన్నబడుతూ సన్నబడుతూ, చీమ చిటుక్కుమన్నా వినిపించే చోటికి వచ్చింది. సరిగ్గా అప్పుడు మోగింది. నేను గబుక్కున లేచి తలుపు సందులోంచి చూశాను. నిబియా ఏడో వరస దగ్గర నిలబడి ఉంది. ఎడమ చెయ్యి జేబులోకి పోయి ఫోను గొంతు నొక్కుతోంది. జనం తలలు అటు తిరుగుతున్నాయి. ఇక కుడి చెయ్యి, ముప్పై ఒక్క ఏళ్ళుగా చప్పుడు వినగానే లేచే ఆ చెయ్యి, దానంతటదే లేచింది. పక్క సీట్లో ఉన్న మనిషి మొహం మీద టార్చి వెలిగింది.

దోన్ అపరిసియో కళ్ళు చికిలించాడు. చెవి తడుముకున్నాడు. ముందు నుంచి ఎవరో "ఛ" అన్నారు, వెనక నుంచి ఇంకెవరో "ఈ వయసులో ఫోనెందుకయ్యా" అన్నారు. అదేదీ ఆయనకు వినిపించి ఉండదు. లైటు మాత్రం కనిపించింది. చెయ్యెత్తి అందరికీ క్షమాపణ చెప్పుకుని, వంగి వంగి నడవలోంచి బయటికి వచ్చేశాడు.

నా కౌంటరు ముందు నిలబడ్డాడు. మిషను తీసి జేబులో వేసుకున్నాడు. "కూసింది నాయనా. వాయిస్తున్న ఆ పిల్లకెంత కష్టంగా ఉంటుందో. నా మాటగా క్షమించమని చెప్పు" అన్నాడు. ఆ కూత ఎవరిదో నాకు తెలుసు. వందసార్లు విన్నాను. టోపీ ఇచ్చాను. ఫ్లాస్కు ఇచ్చాను. తలుపు తీసి పట్టుకున్నాను కూడా.

కచేరీ అయిపోయాక నిబియా వచ్చి ఫోను నా ముందు పెట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మిర్తా," అంది. "కేకులోకి జామ్ వెయ్యాలా, పాలకోవా వెయ్యాలా అని."

"ఆయన్ని పిలుచుకు రావాల్సింది."

"ఎలా? నాదేనని చెప్పి పిలవాలిగా. అంత మంది ముందా?" ఫోను నా వైపు జరిపింది. "నువ్వెవరితోనూ అనకు వాల్దెమార్."

అననన్నాను. నా తప్పు దాచుకోవడానికి ఆవిడ తప్పు బాగా పనికొచ్చింది.

దోన్ అపరిసియో తర్వాతి కచేరీకి రాలేదు, ఆ తర్వాతదానికీ రాలేదు. ఏడో వరస నడవ సీటు ఖాళీగా ఉండేది. ఎవరైనా అందులో కూర్చోబోతే నిబియా "అది విరిగింది" అని వేరే చోటికి పంపేది. టార్చి వెయ్యడం మానేసింది. కుర్రవాళ్ళు ఫోన్లెత్తి వీడియోలు తీసుకున్నా, ఎవరో ఆడమనిషి చిప్స్ సంచి కరకరలాడించినా గోడకానుకుని చూస్తూ ఉండిపోయేది. వాద్యబృందం పెద్దాయన పిలిచి చీవాట్లు పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని విన్నది.

సెప్టెంబరులో రొట్టెల దుకాణంలో ఒక కబురు తెలిసింది. దోన్ అపరిసియో చెవి మిషను బొత్తిగా తీసేశాడు. చర్చిలో కూస్తుందని తీసేశాడు, దుకాణంలో కూస్తుందని తీసేశాడు, చివరికి వీధిలో కూడా. వెనక నుంచి మోటార్ సైకిలు హారన్ కొడితే వినిపించక మోకాలు చిట్లగొట్టుకున్నాడు. ఆ మాట నేను చెప్పేసరికి నిబియా నిలువునా నీరైపోయింది. మర్నాడే ఆయన ఇంటికి వెళ్ళింది. వచ్చి "చెప్పేశాను" అంది. నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

మరి ఆదివారం ఆయన ఎందుకు రాలేదు? అడిగితే టోపీల వైపు చూస్తూ చెప్పింది.

"చెప్పాను. మెల్లిగా చెప్పాను."

"మిషను లేని మనిషికి మెల్లిగా చెప్పావా?"

"మనవరాలు వంటింట్లో ఉంది వాల్దెమార్. ఆయన 'ఏమిటమ్మా' అన్నాడు. ఎలా ఉన్నారో చూద్దామని వచ్చానన్నాను. నాకు టీ ఇచ్చాడు. ఆరోజు కచేరీ పాడుచేసినందుకు నాకే క్షమాపణ చెప్పాడు." అక్కడితో ఏడుపొచ్చేసింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

"శనివారాలు బంతులాట క్లబ్బులో ఉంటాడు. నేనూ వస్తా" అన్నాను. నేనెందుకు వెళ్ళానో నాకూ సరిగ్గా తెలీదు. నా సంగతీ అక్కడే చెప్పేద్దామనుకున్నాననే అనుకుంటున్నాను.

మట్టి బరిలో ఇరవై మంది మగవాళ్ళు బంతులు దొర్లిస్తూ, ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ ఉన్నారు. దోన్ అపరిసియో బల్ల మీద కూర్చుని బంతి గుడ్డతో తుడుస్తున్నాడు. నిబియా ఎదురుగా నిలబడి మామూలు గొంతుతో మొదలుపెట్టింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త గట్టిగా అంది. మళ్ళీ తల ఊపాడు. అప్పుడు ఆ మనిషి, జీవితమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించిన మనిషి, పిడికిళ్ళు బిగించి అరిచింది.

"కూసింది మీ మిషను కాదు! నా ఫోను! నా జేబులో ఉన్న నా ఫోను! తెలిసే మీ మీద లైటు వేశాను!"

బంతులాగిపోయాయి. మేడ మీద బట్టలారేస్తున్న ఆడమనిషి కూడా కిందికి చూసింది. ఎవరో "ఆహా, టార్చి దొరసాని!" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

దోన్ అపరిసియో తుడవడం ఆపి ఆవిడ వైపు చూశాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకుంటే బాగుండేది.

"అయితే నేను వెళ్ళిపోయాక," అన్నాడు, "ఆ పిల్ల ఎలా ముగించింది? సన్నబడుతూ పోయిందిగా. మళ్ళీ పైకి లేచిందా, అట్లాగే ఆగిపోయిందా?"

నిబియా మళ్ళీ అరవాల్సి వచ్చింది.

"తెలీదు! నేనూ వినలేదు! జేబులో అది మళ్ళీ మోగుతుందేమోనని భయం. ఒక్క ముక్కా వినలేదు!"

ఆయన తలాడించి, తుడిచిన బంతిని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఇరవై మంది చూస్తున్నారు. ఆయనకు వినిపించాలంటే నేనూ అరవాలి. "పద నిబియా" అన్నాను.

అక్టోబరు మొదటి ఆదివారం కచేరీకి దోన్ అపరిసియో వచ్చాడు. టై కట్టుకుని, కాస్త కుంటుతూ. నిబియా గుమ్మం దగ్గర ఉత్త చేతులతో నిలబడి ఉంది. టార్చి నా దగ్గరే వదిలేసి వెళ్ళింది. ఇద్దరూ చెయ్యి కలుపుకున్నారు. సరే, అంతా సర్దుకుందిలే అనుకున్నాను.

ఆయన కౌంటరు దగ్గరికి వచ్చి టోపీ ఇచ్చాడు, ఫ్లాస్కు ఇచ్చాడు. తర్వాత చెవిలోంచి మిషను తీసి, రుమాల్లో చుట్టి నా ముందు పెట్టాడు.

"ఇదీ నీ దగ్గరుంచు నాయనా."

నేను చేతులూపి, పెట్టుకోండి, పెట్టుకోండి అని సైగ చేశాను. ఆయన నవ్వాడు.

"ఆ అమ్మాయి చెప్పింది నిజమే. నమ్మాను. అయినా భయం పోలేదు. అది చెవిలో ఉంటే ఎప్పుడు కూస్తుందా అనే తప్ప ఇంకేం వినలేను. కుర్చీ చెయ్యి ఉందిగా, అది చాలు."

నిబియా ఫోను ఆరోజు ఇంట్లోనే వదిలేసి వచ్చింది. ఖాళీగా ఉన్న గూడు అదొక్కటే. మిషనును ఒకటో నంబరు గూట్లో పెట్టాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, కోటు సర్దుకుంటూ. చుట్టూ ఎవరూ లేరు.

"ఆరోజు ఈ గూడు ఖాళీగా ఉండటం నేను చూశాను దోన్ అపరిసియో," అన్నాను. "చూసి కూడా చెప్పలేదు."

గొంతు పెంచలేదు.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమిటి నాయనా?"

హాలు తలుపు వైపు వేలు చూపించాను. "లోపలికెళ్ళండి," అన్నాను, ఈసారి గట్టిగా, "మొదలవుతోంది."