ఫోన్లో మా మేనత్త సాగు

శామీర్‌పేటలో ఉండే మా మేనత్త ఫోన్లో పొలం సాగుచేసే ఆట ఆడేది. ఎవరైనా పలకరిస్తే, "జర ఆగు బిడ్డా, టమాటకు నీళ్లు పెట్టాలె" అనేది. మామ తమ భూమిని ప్లాట్ల వాళ్లకు అమ్మేసినప్పటి నుంచి ఆమెకు వేరే సాగు లేదు. ఆట మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా, "గీ కంపెనోళ్లు కలుపు లెక్క మొలుస్తరు" అని తిట్టుకుంటూ ఒక్కొక్కటే ఓపిగ్గా తీసేసేది.

మొన్న ఎండాకాలంలో ఆ ఆటను మూసేస్తున్నామని కంపెనీ ఫోన్ తెర మీద రాసింది. ఆమెకు చదివి వినిపించింది నేనే.

"భూమి అమ్మిననాడు మీ మామ నన్నడుగలే. వీళ్లు గూడ అడుగలే," అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి, అన్నం కూడా తినకుండా ఫోన్లో పంటంతా కోస్తూ కూర్చుంది.

"సాయంత్రానికి అంత పోతది గద అత్తా, ఇప్పుడు కోసి ఏం జేస్తవ్?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "పండిన చేను ఇడ్సిపెట్టి ఎట్ల లేస్తరు బిడ్డా?" అంది.

అప్పటికే ఆమె చేయి నొప్పి పెడుతోంది. ఫోన్ నేను పట్టుకున్నాను, ఆమె మిరప కోసింది.