ఇరవై ఒకటి దగ్గర గీసిన గీత

పిల్లల బడిలోని బుల్లి కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చుంది లెక్కలమ్మ. చేతిలో స్టాప్‌వాచ్. ఎదురుగా చాప మీద నాలుగేళ్ళ పిల్లలు ఇద్దరు, చెరో ఖాళీ మందు సీసాతో. అమ్మాయి మూతను పళ్ళతో కొరుకుతోంది. పిల్లాడు సీసాను చెవి దగ్గర పెట్టి ఊపి, ఏమీ వినపడక, బోర్లించి డప్పు వాయిస్తున్నాడు. ఐదు నిమిషాల్లో వీళ్ళు మూత తీస్తారా లేదా అన్నదే ఆమె చూడాల్సింది. చూస్తున్నంతసేపూ ఆమె కుడికాలు కుర్చీ కింద కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది.

"మేడమ్, మీ కాలు చూసి పిల్లలు నవ్వుతున్నారు," అంది టీచరమ్మ.

"నవ్వనివ్వండి. మూత మీద నుంచి చూపు తిప్పితే మంచిదే కదా," అని, అన్నాక నాలుక కరుచుకుంది. చూపు తిప్పితే పరీక్ష చెడిపోతుంది. కాలిని రెండో కాలితో తొక్కిపట్టింది.

ఆమె పని సీసాల మూతలు చేసే కంపెనీలో. చదివింది స్టాటిస్టిక్స్. ఎవరైనా "చాలామంది అంటున్నారు" అంటే చాలు, "ఎంతమందిలో ఎంతమంది?" అని అడగకుండా ఉండలేదు. క్యాంటీన్‌లో ఎవరో సరదాకి లెక్కలమ్మ అన్నారు, ఆ పేరు ఇంటిదాకా పాకింది. ఇప్పుడు అత్తగారు కూడా పక్కింటావిడతో "మా లెక్కలమ్మ ఇంకా రాలేదు" అనే అంటుంది.

మొదట్లో షాంపూ మూతలు చూసేది. కారిందా లేదా, అంతే, ప్రాణానికి సుఖం. కొడుక్కి రెండేళ్ళప్పుడు, ఆమె స్నానానికి వెళ్ళొచ్చేలోపల, వాడు దగ్గు మందు సీసా మూత తిప్పేసి సగం తాగేశాడు. ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచి బిస్కెట్టు అడిగాక ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది, ఈమెకు తప్ప. ఆ రోజు నుంచి తలుపు గడియ వేశాక మళ్ళీ వెనక్కొచ్చి చూసుకుంటుంది. నిద్రపోతున్న పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. కంపెనీలో పిల్లల మందులకు కొత్త మూత చేస్తున్నారని తెలియగానే ఆ పని తనకివ్వమని అడిగి తీసుకుంది.

కొత్త మూత ఊరికే తిప్పితే టిక్ టిక్ మంటూ తిరుగుతుందే తప్ప ఊడదు. గట్టిగా కిందికి నొక్కి తిప్పాలి. పెద్దవాళ్ళకు ఆ సంగతి తెలుసు, చిన్నపిల్లలకు తట్టదు. కొనబోయే మందుల కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే: ఈ మూతను తీయగల పిల్లలు నూటికి పదిహేను మంది కంటే తక్కువ ఉండాలి.

ఊళ్ళోని పిల్లలందరినీ కూర్చోబెట్టి చూడలేరు. రెండు వందల మందిని చూస్తారు. నిజంగా నూటికి పదిహేను మంది తీయగల మూతే అయితే, రెండు వందల్లో ముప్పై మంది అటూ ఇటుగా తీస్తారు. అదృష్టం కొద్దీ ఒకసారి ఇరవై ఆరు రావచ్చు, ఇంకోసారి ముప్పై నాలుగు. కానీ ఇరవై ఒకటీ, అంతకంటే తక్కువా రావడమన్నది ఉత్త అదృష్టం వల్ల నూటికి ఐదు సార్లు కూడా జరగదు. కాబట్టి గీత అక్కడే. ఇరవై ఒకటి దాకా వస్తే మూత గట్టిదని సంతకం. ఇరవై రెండు వస్తే సంతకం లేదు. ఈ మాట పరీక్ష మొదలుకాక ముందే మేనేజరు గదిలోని బోర్డు మీద రాసింది.

"ఇదేం అన్యాయమమ్మా?" అన్నాడు మేనేజరు అప్పుడు. "నేరం రుజువయ్యేదాకా ఎవడైనా నిర్దోషే కదా. మూత మంచిదనుకుని మొదలుపెట్టు. చెడ్డదని తేలితే అప్పుడు చూద్దాం."

"మనిషైతే అలాగే సార్. మూతకు ముందే జైలు. మంచిదని రుజువు చేసుకుని అదే బయటికి రావాలి."

"నీ కోర్టులో నాకు పని పడకుండా ఉంటే చాలు," అని దణ్ణం పెట్టాడాయన.

నాలుగు బడుల్లో నూట అరవై మంది పిల్లలు అయిపోయారు. పద్నాలుగు మంది తీశారు. మిగిలింది ఈ ఐదో బడి, నలభై మంది. ఇది కొడుకు చదివే బడే. టీచరమ్మ తెలిసినావిడ కాబట్టి అనుమతి సులువుగా దొరికింది. కంపెనీ వాళ్ళ పిల్లలు పరీక్షలో కూర్చోకూడదన్నది లెక్కలమ్మ పెట్టిన నియమమే. అందుకని కొడుకును, ఇంట్లో వాడి పేరు బుడంకాయ, వరండాలో ఆడుకోమని పంపేసింది. మిగిలిన సీసాల అట్టపెట్టె కూడా ఆ వరండాలోనే పెట్టి ఉంది. పెట్టించింది ఆమే.

విరామానికి ముందు పదహారు మంది కూర్చుంటే ఒక్కడే తీశాడు. ఆమె కాలు కాస్త నెమ్మదించింది. పిల్లలు బయటికెళ్ళి బిస్కెట్లు తిని, గోల చేసి, మూతులు తుడుచుకుంటూ తిరిగొచ్చారు.

ఆ తర్వాత కూర్చున్న రెండు జడల పిల్ల సీసాను అటూ ఇటూ చూడనైనా చూడలేదు. అడుగుభాగం పొట్టకు ఆనించుకుంది, రెండు చేతులూ మూత మీద వేసింది, ముందుకు వంగి ఒళ్ళంతా బరువేసి తిప్పింది. టక్. మూత చేతిలోకొచ్చింది. దాని పక్కవాడూ అంతే. ఆ వెనక జంటలో ఒకడు. మధ్యాహ్నం అయ్యేసరికి మొత్తం లెక్కలో ఇరవై రెండో మూత కూడా ఊడింది. ఆ బడి మొత్తం మీద పన్నెండు. అన్నీ కలిపి ఇరవై ఆరు.

మేనేజరు బోర్డు ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "ఇరవై ఆరు. అంటే నూటికి పదమూడు. పదిహేను కంటే తక్కువే కదమ్మా, ఇంకేం కావాలి?"

"ముప్పై రావాల్సిన చోట ఇరవై ఆరు రావడం వింతేమీ కాదు సార్. మూత మంచిదే కావచ్చు. మంచిదని మనం చూపించలేకపోయాం."

"ఆ గీత గీసింది నువ్వేగా. కాస్త జరుపు."

"చూశాక జరిపితే అది గీత ఎందుకవుతుంది సార్?"

ఆయన అరవలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "సోమవారం మందుల కంపెనీ వాళ్ళొస్తున్నారు. నీ సంతకం లేకపోతే వెళ్ళిపోతారు. వెళ్ళినా వాళ్ళ మందులు ఆగవమ్మా. పాత మూతతోనే పోతాయి. ఊరికే తిప్పితే ఊడే మూత. నీ పిల్లాడు తీసిన మూత. అది కూడా లెక్కేసుకో."

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. ఇంటికెళ్ళేటప్పుడు దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చెడ్డ మూతను మంచిదంటే ఏ ఇంట్లోనో ఒక పిల్లాడు. మంచి మూతను ఆపేస్తే, పాత మూతతో ఇంకో ఇంట్లో ఇంకో పిల్లాడు. ఎటు తప్పినా పిల్లాడే. తరగతిలో ఈ రెండు తప్పులకూ పేర్లు నేర్పారు, ఒకటో రకం, రెండో రకం అని. వాటికి ముక్కూ మూతీ ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సెలవు. భోజనాల బల్ల దగ్గర, రోజూ మూత తీసి చూసుకునే అలవాటు కొద్దీ, సంచిలోంచి ఒక నమూనా సీసా తీసింది. ఏసీలు బాగుచేసే భర్త ఎదురుగా కూర్చుని స్క్రూలు తుడుచుకుంటున్నాడు. పిల్లాణ్ణి ఎత్తి ఎత్తి ఆమె మణికట్టు ఎప్పుడో పట్టేసింది, చేత్తో నొక్కితే నొప్పి. అందుకని సీసాను పొట్టకు ఆనించి, వంగి, తిప్పింది. టక్.

చేతిలో మూత అలాగే ఉండిపోయింది. నిన్న రెండు జడల పిల్ల తీసిందీ ఇలాగే.

"బుడంకాయా! ఇలా రా. ఇది తియ్యి చూద్దాం."

బుడంకాయ పరిగెత్తుకొచ్చాడు. సీసా పొట్టకు, చేతులు మూతకు. టక్. తల్లి మొహంలోకి మెచ్చుకోలు కోసం చూశాడు.

"నీకెవరు నేర్పార్రా?"

"నువ్వే కదమ్మా. రోజూ తీస్తావుగా."

"ఇంకెవరికైనా చూపించావా?"

"అందరికీ! నిన్న వరండాలో పెట్టె ఉందిగా. రెండు జడలకి ముందు రాలేదు. వంగమని చెప్పా, వచ్చేసింది!"

అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది. "చూశావా, నా మనవడు అప్పుడే మాస్టారయ్యాడు!"

"అత్తయ్యా, మీరుండండి. నా కొంప మునిగింది."

భర్త స్క్రూలు పక్కన పెట్టాడు. "ఏమోయ్, మునగడమేముంది? నిజం చెప్పు. మా వాడు పాఠం చెప్పాడు, ఆ నలభై మందీ చెల్లరు అను. మిగిలిన నూట అరవైలో పద్నాలుగేగా? మూత గట్టెక్కేస్తుంది. మీ మేనేజరు నీకు దండేస్తాడు."

"అదే నా భయం. లెక్క కూడా వేసేశాను. గట్టెక్కుతుంది. కానీ ఒకటి చెప్పండి. ఆ నలభైలో ఇద్దరే తీసుంటే వీడు పాఠం చెప్పాడా లేదా అని నేను వెతికేదాన్నా?"

"వెతికేదానివి కాదు."

"చూశారా? నచ్చని అంకె వచ్చింది కాబట్టి కారణం వెతికాను."

"కారణం నిజమే కదా కానీ?"

"నిజమే. పైగా వాడు చేసింది బయట జరగనిదా? ఏ ఇంట్లో అమ్మ పిల్లాడి ఎదుట మందు సీసా తెరవదు? ఎవడు చూడడు?"

భర్త మరో స్క్రూ తుడిచాడు. "నేను కంప్రెసరు విప్పేటప్పుడు కూడా వీడు గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఇకనుంచి తలుపేసుకుని విప్పుతా," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

సోమవారం ఆమె కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. ఇంట్లో సీసాలతో చేసిన సాధన, పొట్ట, వరండా, పెట్టె. మేనేజరు మొహం క్షణంలో వెలిగిపోయింది. "ఇంకేం! ఆ నలభై కొట్టెయ్. నూట అరవైలో పద్నాలుగు. సంతకం పెట్టు తల్లీ!"

"పెట్టను సార్. నచ్చనివాళ్ళను కొట్టేసి మిగిలినవాళ్ళతో గెలవడం కుదరదు. బోర్డు మీద రెండు వందలని రాశాం. ఇంకో బడిలో కొత్తగా నలభై మందిని చూద్దాం. ఇక్కడ ఎంతమంది తీసినా తీయకపోయినా ఇదే ఆఖరు. గీత ఇరవై ఒకటి దగ్గరే. దాటితే నేనే వాళ్ళకు ఫోన్ చేసి లేదని చెప్తాను."

"పద్నాలుగుతో గెలిచి చేతిలో ఉన్నదాన్ని మళ్ళీ పందెంలో పెడతావా?"

"గెలవలేదు సార్, ఇంకా. తప్పు నాది, పని నుంచి తీసేసినా తీసేయండి. ఇంకొకటి. ఆ పిల్లల్ని చెత్తబుట్టలో వేయను. వరండా నుంచి వచ్చిన ఇరవై నాలుగు మందిలో పదకొండు మంది తీశారు. దీన్ని పరీక్ష అనను. కానీ ఒక్కసారి చూస్తే పిల్లలకు వచ్చేస్తుందని తెలుస్తోంది. సీసా మీద ఒక హెచ్చరిక లైను వేయించాలి."

మేనేజరు చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి, "వారం గడువు అడుగుతాను వాళ్ళని," అన్నాడు. "నీ ఇంట్లో ఉన్న సీసాలన్నీ రేపు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టు ముందు."

ఆరో బడిలో పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. పరీక్ష అయిపోయిన పిల్లల్ని రెండో గుమ్మం నుంచి నేరుగా ఇంటికి పంపించింది, బయట వేచి ఉన్నవాళ్ళతో కలవకుండా. ఇంకా ఏడుగురు తీసేదాకా పర్లేదు. మొదటి జంటలోనే ఒకడు తీసేశాడు. తర్వాత చాలాసేపు ఎవరూ తీయలేదు. సగం దాటేసరికి ముగ్గురు. వెంటవెంటనే ఇంకో ఇద్దరు. ఆమె కాలు నేల మీద టకటకా కొడుతుంటే ఒక పిల్లాడు సీసా వదిలేసి ఆ కాలినే పట్టుకున్నాడు, ఆగుతుందేమోనని. ఆగింది. ఆఖరి జంట సీసాలను బొమ్మలుగా చేసి జోకొడుతుండగా ఐదు నిమిషాలూ అయిపోయాయి.

ఐదు. పద్నాలుగూ ఐదూ పంతొమ్మిది.

సంతకం పెట్టింది. సంతోషం రావాల్సిన చోట మళ్ళీ అదే గుబులు. మూత మంచిదని తేలింది నిజమే, కానీ ఉత్త అదృష్టానికి అవకాశం నూటికి ఐదు లోపు అంటే అసలు లేదని కాదు కదా. ఆ మాట మేనేజరుతో అంటే, "ఇంటికెళ్ళి పడుకో తల్లీ," అన్నాడు. లైను మాత్రం వేయించాడు. సిరా ఖర్చు తప్ప ఏముంది అనుకుని ఉంటాడు.

కొత్త మూతల సీసాలు దుకాణాల్లోకి వచ్చిన కొన్నాళ్ళకు బుడంకాయకు జ్వరం పట్టుకుంది. భర్త మందు తెచ్చాడు. సీసా మీద ఎర్రటి అక్షరాలు: పిల్లల ఎదుట మూత తీయకండి. లెక్కలమ్మ గోడవైపు తిరిగింది. పిల్లాడు మంచం దిగి గోడవైపుకొచ్చాడు. ఇటు తిరిగింది. వాడూ ఇటొచ్చాడు. చివరికి సీసా, చెంచా పట్టుకుని స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకుంది. గడియ పడిందో లేదో మళ్ళీ ఒకసారి లాగి చూసుకుంది.

ఒక చేతిలో చెంచా ఉండగా, మణికట్టు నొప్పికి పట్టు దొరకలేదు. మూత టిక్ టిక్ మంటూ ఊరికే తిరిగింది.

తలుపు అవతల నుంచి, జ్వరం గొంతుతో, ఓపిగ్గా చెప్తున్నాడు వాడు.

"అమ్మా, పొట్టకు పెట్టుకుని వంగాలమ్మా. మర్చిపోయావా?"