అరవై మూడు వేలిముద్రలు

చు వెన్‌షియు పన్నెండేళ్లపాటు ప్రభుత్వం చేత పని చేయించింది, తన పేరు ఎక్కడా పడకుండా. ఓ నది ఒడ్డు ఊళ్లో కెమిస్ట్రీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ముగ్గురు పాత విద్యార్థులతో కలిసి సర్కారు గుర్తింపుతో చిన్న సంఘం పెట్టి, సీసం కరిగించే ఫ్యాక్టరీకి దిగువన వారం వారం నీళ్లు పట్టి పరీక్షించేది. ఆ లెక్కలు పేపరుకి ఇచ్చేది కాదు. నివేదికగా రాసి పర్యావరణ కార్యాలయంలో ఉపాధికారి లియావ్ చేతిలో పెట్టేది. అతను సంతకం చేసి తనదిగా పైకి పంపేవాడు. పిల్లి మెడలో గంట కట్టడం ఎవరికైనా కష్టమే. పిల్లే గంట అడిగిందని నమ్మించడం వెన్‌షియు నేర్చిన విద్య. మెప్పు లియావ్‌కి, ప్రమోషన్ లియావ్‌కి. పోనిద్దూ, నదికి నా పేరుతో పనేమిటి అనేది.

ఆ ఏడు పెద్ద నివేదిక వెళ్లింది. తాగునీరు తోడేచోటికి ఎగువన ఏ ఫ్యాక్టరీ గొట్టమూ నదిలోకి ఉండకూడదని నిబంధన తేవాలని అందులో కోరింది, ఆ నిబంధన పాఠం కూడా మొదటి నుంచి చివరి దాకా తనే రాసి జతచేసింది. అది నెగ్గితే దిగువన ఉండే పెంగ్ అనే ముసలాయన ఊరి పిల్లల ఒంట్లోకి సీసం చేరడం ఆగుతుంది. ఆయన మనవరాలికి ఏడేళ్లొచ్చినా పది దాకా లెక్కపెట్టడం రాదు.

పెంగ్ చేపలు పట్టి బతికినవాడు. మేలు చేసే మనిషిని ఒంటరిగా వదిలేయడం ఆయన దృష్టిలో సిగ్గుచేటు. ఇంటింటికీ తిరిగి అరవై మూడు మంది చేత ఎర్ర సిరాతో వేలిముద్రలు వేయించాడు. అన్నిటికన్నా పైన, గౌరవంగా, టీచరమ్మ పేరు రాయించాడు. ఆమెకి చెప్పకుండానే అర్జీల ఆఫీసులో ఇచ్చొచ్చాడు. ఆ దేశంలో సర్కారుకి ఒక్కరు చెబితే సలహా, అరవై మంది చెబితే కుట్ర. అందుకే ఆమె ఏనాడూ ఒక కాగితం మీద రెండు పేర్లు పడనివ్వలేదు. ఆ సంగతి పెంగ్‌కి చెప్పాలని మాత్రం ఆమెకి తట్టనే లేదు.

మూడో రోజు లియావ్ వచ్చాడు. పోసిన టీ ముట్టుకోలేదు. మొహంలో కోపం కన్నా భయమే ఎక్కువ. ముద్రలు వేసినవాళ్లని ఒక్కొక్కరినీ స్టేషనుకి పిలుస్తారని, ముసలాయనతోనే మొదలుపెడతారని చెప్పాడు.

"రెచ్చగొట్టింది మీరేనని రాసివ్వండి టీచరుగారూ. సంఘం మూసేయండి. వాళ్లని వదిలేస్తారు. నిబంధన నేను నెగ్గించుకొస్తాను."

"ఒక్క మాట మార్చకుండా?"

"అక్షరం పోదు."

వెన్‌షియు రాసిచ్చింది. పన్నెండేళ్లలో ఆమె తన చేత్తో సర్కారు కాగితం మీద పేరు పెట్టడం అదే మొదలు, అదీ నేరస్థురాలిగా.

లియావ్ మాట తప్పలేదు. వానలకి ముందే నిబంధన వచ్చింది, గొట్టం తీసేశారు. అతను నగరంలో పెద్ద కుర్చీలోకి వెళ్లిపోయాడు.

ఓ ఉదయం పెంగ్ ఎండుచేపల పొట్లం పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తన వల్లే ఇంత పనైందని, నాలుగు తిట్టమని అడిగాడు. ఆమె తిట్టలేదు, లోపల కూర్చోబెట్టింది. కాసేపటికి అసలు మాట బయటికొచ్చింది.

"నీళ్లు ఇప్పుడు పాపకి పట్టొచ్చా టీచరమ్మా? ఒక్కసారి పరీక్ష చేసి చెప్పండి."

"చెయ్యకూడదు బాబాయ్. గుర్తింపు లేనివాళ్లు నది నీళ్లు పరీక్షించి ఫలితం చెబితే లోపలేస్తారు. కొత్త నిబంధనలో ఉంది."

"ఏ దరిద్రుడు రాశాడమ్మా ఆ ముక్క?"

"నేనే," అంది వెన్‌షియు. "ఫ్యాక్టరీవాళ్లు డబ్బిచ్చి దొంగ లెక్కలు చెప్పించకుండా ఉండాలని రాశాను. అప్పటికి మనకి గుర్తింపు ఉంది."