పుట్టిన గంటకే పోసిన నీళ్లు

డెబ్బైల చివర్లో, వన్ టౌన్‌లోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి చేరాను. నాకు పంతొమ్మిదేళ్లు. నేర్పేది హెడ్ సిస్టర్. ఆవిడని ప్రశ్న అడిగితే వారమంతా బెడ్‌పాన్‌లు కడగాల్సిందే. అందుకని అడగడం మానేశాను.

పుష్యమాసంలో ఒక పొద్దున్న, చేపలమ్ముకునే ఒకావిడకి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. తొలికాన్పు. గుప్పెడంత పిల్ల, అయినా గట్టిగానే ఏడ్చింది. ఒళ్లంతా తెల్లటి జిడ్డు.

"అలా సూత్తావేటి? కుళాయి కింద కడుగు," అంది సిస్టర్.

"చన్నీళ్లు కదండీ..."

"నువ్వు నాకు నేర్పుతావేటి?"

కడిగాను. ఆవిడ చూస్తోందని జిడ్డంతా పోయేదాకా రుద్ది మరీ కడిగాను. పిల్ల ఏడుపు నా చేతుల్లోనే మూలుగైపోయింది. పాదాలు నీలంగా మారాయి. తల్లి పక్కలో పడుకోబెట్టబోతే సిస్టర్ లాక్కుని, విడిగా ఇనప ఉయ్యాల్లో వేసింది. మధ్యాహ్నానికి పిల్ల పోయింది.

తల్లికి చెప్పే పని నాకే అప్పజెప్పింది. "పుట్టుకతోనే బలం లేదని సెప్పు. నువ్వేడిసావంటే ఇంటికి పొమ్మంటాను."

అలాగే చెప్పాను. ఆ తల్లి మోచేతి మీద లేచి నావైపు తిరిగింది.

"నువ్వు నీళ్లోసినప్పుడు ఎంత గట్టిగా ఏడిసిందమ్మా! నాను ఇన్నాను. బలం లేకపోతే అలాగేడుత్తాదా?"

రెండేళ్ల తర్వాత సిస్టర్‌నీ నన్నూ శిక్షణ తరగతులకు పంపారు. పుట్టిన వెంటనే స్నానం వద్దు, పొడిగుడ్డతో తుడిచి తల్లి ఒంటికి ఆనించండి, నెలలు నిండని పిల్లలు చలికే చచ్చిపోతారు అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నా పెన్ను ఆగిపోయింది. పక్కన సిస్టర్ శ్రద్ధగా రాసుకుంటోంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఆ పిల్ల గుర్తుందా అని.

"ఏ పిల్ల?" అంది.

ఆ ఏడే ఆ చేపలావిడ మళ్లీ కాన్పుకి వచ్చింది. మగపిల్లాడు. నేను పొడిగుడ్డ పట్టుకుని దగ్గరికి వెళ్లగానే గుర్తుపట్టి, మంచం మీద నుంచే కేక పెట్టింది.

"దీన్ని రానీకండి! నా కూతుర్ని సంపేసింది!"

వార్డంతా నావైపు చూసింది. సిస్టర్ నా చేతిలోని గుడ్డ తీసుకుని, తరగతిలో చెప్పినట్టే తుడిచి, బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. ఆ తల్లి సిస్టర్ చెయ్యి పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ తల్లీ," అంది.

సిస్టర్ ఆ దీవెన తీసుకుంది. నన్ను బయట నిలబడమంది. వెళ్లి నిలబడ్డాను. నీళ్లు పోసిన చేతులు నావే కదా. ఆ చేపలావిడ ఉన్న నాలుగు రోజులూ సిస్టర్ నన్ను ఆ వార్డులోకి రానివ్వలేదు.