దీనమ్మ తెరవని పేజీ

బొల్లాపల్లి క్రైస్తవపేటలో బైబిలు చెప్పే దీనమ్మ చదువురాని కూలి ఆడవాళ్లకు హబక్కూకు ప్రవక్త పాఠం ఎప్పుడూ చివరి అధ్యాయం నుంచే చెప్పేది. అందులో ఉన్న అంజూరం, ద్రాక్ష వాళ్లెరగరు గనుక జొన్న పండకపోయినా, కంది కాయకపోయినా, దొడ్లో గొడ్డు మిగలకపోయినా అంటూ ఒక్కో నష్టానికి ఒక్కో వేలు ముడిపించేది. దేవుడిలో సంతోషిస్తాననే మాట దగ్గర పిడికిలి విప్పాలి. పుస్తకం మొదట్లో ప్రవక్త దేవుణ్ణే నిలదీస్తాడు. అది వింటే వీళ్ల విశ్వాసం చెడుతుందని ఇరవై ఏళ్లుగా ఆ పేజీ తెరవలేదు.

పందొమ్మిది వందల నలభై మూడులో, ఆ కూలి ఆడవాళ్లలో ఒకతైన ఏస్తేరు బిడ్డ కలరాతో పోయింది. వారం తిరక్కుండానే పాఠానికొచ్చి ఏడుస్తూ కూర్చున్న ఆమెను దీనమ్మ కసిరింది.

"ఏడుపు చాలుగానీ, పిడికిలి విప్పవే ఏస్తేరూ!"

ఏస్తేరు విప్పింది.

మరుసటి ఏడు దీనమ్మ ఒక్కగానొక్క కూతురు రూతు పురుట్లో పోయింది. ఆదివారం ఆడవాళ్లంతా ఆమె ఇంటికే వచ్చి, ఆదరణగా ఉంటుందని ఆ పాఠమే వల్లించారు. అందరి పిడికిళ్లూ విచ్చుకున్నాయి. దీనమ్మది విచ్చుకోలేదు. ఆమె బైబిలు అందుకుని మొదటి అధ్యాయం తీసింది. ఇంతకాలం మొరపెడుతుంటే నువ్వెందుకు వినవని ప్రవక్త దేవుణ్ణి అడిగిన చోటు పైకి చదివింది.

ఏస్తేరు దగ్గరికి జరిగింది.

"ఇది గూడా ఆ పుస్తకంలోనే ఉందా అమ్మగారూ?"

"ఉందే."

"మరి నా బిడ్డ పోయిననాడు నాకెందుకు చదవలేదు?"