ముందు బుట్టలో ముదురు బెండకాయలు

అమెరికాలోని ట్రాయ్‌లో కిరాణా కొట్టు నడిపే కామేశ్వరికి చట్టమంటే ఎంత గౌరవమంటే, పార్కింగ్ గీత మీద టైరు అంచు పడినా మళ్లీ కారెక్కి సరిచేస్తుంది. అలాంటి మనిషి శనివారం పొద్దున్నే కౌంటర్ వెనక చిల్లర రెండుసార్లు తప్పు లెక్కపెట్టిందంటే కారకుడు భర్త వాసుదేవరావు. రిటైరైన ఇంజినీరు గనక, కాఫీతోబాటు ఎవరినో ఒకరిని హడలగొట్టడం ఆయన నిత్యవిధి.

"రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎవడో హార్డ్‌వేర్ షాపువాడు మంచి సరుకు వెనక గదిలో పెట్టి తెల్లవాళ్లకి అమ్మేవాడట. నల్లవాళ్లకి ముందర మిగిలిన సరుకే. నల్లవాళ్లు లోపలికి రాకూడదని బోర్డేం పెట్టలేదుగా అన్నాడు. బోర్డు అక్కర్లేదు, అలవాటు చాలంది కోర్టు. షాపు మూసుకున్నాడు."

"మనకేం? మనం తెల్లవాళ్లం కాదుగా."

"తీర్పులో ఆ సౌకర్యం లేదు."

కామేశ్వరి వెనక గది తలుపు వైపు చూసింది. బెండకాయల పెట్టె దిగగానే లేతవి ఏరి ఆ గదిలో ఉంచడం, తెలుగువాళ్లు సొంత వంటింట్లోకి వెళ్లినట్టు వెళ్లి తెచ్చుకోవడం కొట్టు తెరిచిన నాటి ఆచారం. దాన్ని ఆమె అభిమానం అనుకుంది. కోర్టువారు ఇంకో పేరు పెడతారని అనుకోలేదు.

అప్పుడే డెనిస్ వచ్చింది. పక్కవీధి నర్సు, నల్లజాతి మనిషి, వారం వారం వస్తుంది. ముందు బుట్టలోంచి బెండకాయ తీసి కొస తుంచబోయింది. తెగలేదు, వంగింది. ఇంకోటీ అంతే.

"జార్జియాలో మా అమ్మమ్మ ఇలాగే చూసేది, మిస్ కామీ. ఇవి ముదురువి. లోపలికి వెళ్లేవాళ్లు మాత్రం లేతవి తెస్తున్నారు. లోపలికి ఎవరు వెళ్లొచ్చు?"

కామేశ్వరికి కళ్లముందు కొట్టుకి తాళం కనబడింది. స్టాకు అయిపోయిందని చెబుదామనుకునేలోగా వెనక గదిలోంచి తెలుగమ్మాయి వసుమతి, చేతిలో నిండు సంచీతో వచ్చింది.

"వెన్నలా ఉన్నాయాంటీ ఇవాళ."

తెలుగు రాకపోయినా సంచీ డెనిస్‌కి అర్థమైంది.

"మావాళ్లు వెళ్లొచ్చు," అంది కామేశ్వరి.

"నేనూ అలాగే అనుకున్నా." ఆ గొంతులో కోపం లేదు. కామేశ్వరికి అదే మరీ భయమేసింది.

లోపలికెళ్లి పెట్టె మోసుకొచ్చి ముందు బుట్టలో కుమ్మరించింది. సగం నేలపాలయ్యాయి.

"అదేంటాంటీ, మనవాళ్లకి ఉండొద్దా?" అంది వసుమతి.

"వాళ్లూ ఇక్కడే ఏరుకుంటారమ్మా."

డెనిస్ ఒకటి తుంచింది. టక్కున తెగింది. ఫోను తీసింది.

"ఎవరికండీ?" అంది కామేశ్వరి, వినబడీ వినబడనట్టు.

"మా అక్కకి. ఈ కొట్టుకి ఎందుకెళ్తావని నన్ను తిడుతుంది."

"ఏం చెబుతారు?"

"ఇంకా తేల్చుకోలేదు," అని డెనిస్, ఫోను చెవిన పెట్టుకుని, బెండకాయలు ఏరడం మొదలుపెట్టింది.