చిరుత వెనక మంచు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఉద్యోగం కొత్త, మోటారు సైకిలు కొత్త, జేబులో ఎర్ర ఇంకు పెన్ను కొత్త. ఈ మూడూ ఒకేసారి మనిషి చేతికి రాకూడదని ఇప్పుడు తెలుస్తోంది. ఆన్‌లైన్ క్లాసులు అయిపోయి బడులు మళ్లీ తెరిచిన కొత్తలో, రొద్దం దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేరాను. గది పెనుకొండలో. చేరిన కొన్నాళ్లకే హిందూపురంలో రెండు రోజుల శిక్షణకు పంపారు. ఫోన్లో వచ్చే వార్తల్లో నిజమేదో, అబద్ధమేదో పిల్లలకు నేర్పడం గురించి. (మొదటి రోజు శ్రద్ధగా విన్నాను. రెండో రోజు భోజనం బాగుండి కునుకు పట్టింది. జాగ్రత్తలన్నీ చెప్పింది అప్పుడేనట.)

తిరిగొచ్చి తొమ్మిదో తరగతి బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశాను. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఫోటో ఎక్కడిది? ఇంకెవరైనా చెప్పారా? పిల్లలు ఎక్కాల్లా వల్లించారు. నాకది చాల్లేదు. శనివారం సాయంత్రం కూర్చుని సొంతంగా ఒక అబద్ధపు వార్త తయారుచేశాను. కొండలోంచి చిరుత దిగింది, మూడు రోజులు ఎవరూ చేన్లకు పోవద్దు, పదిమందికి పంపండి అని. తప్పులు పిల్లలకు దొరకాలని తేదీ వేయలేదు, ఏ అధికారి చెప్పాడో రాయలేదు. ఫోటోలో చిరుత వెనక మోకాలి లోతు మంచు. రొద్దంలో మంచేమిటని ఒక్కరైనా అడక్కపోతారా అని నా ధీమా. దాన్ని తరగతి గ్రూపులో పెట్టి, తప్పులు పట్టండన్న మాట మాత్రం సోమవారం చెబుదామని దాచుకున్నాను. నేను మరిచింది ఒక్కటే. గ్రూపు పేరుకే పిల్లలది. ఫోన్లన్నీ వాళ్ల నాయనలవి, అవ్వలవి.

ఆదివారం మధ్యాహ్నం నా చిరుత మా ఇంటి ఓనరు ఫోన్ ద్వారా నా దగ్గరికే తిరిగొచ్చింది. దారిలో రెండు కూనల్ని కూడా పెట్టింది. గాభరాపడి గ్రూపులో మెసేజ్ తీసేశాను. దాంతో ఊళ్లో ఉన్న కాస్త అనుమానమూ పోయింది. నిజం కాబట్టే పైవాళ్లు తీయించేశారని తేల్చుకున్నారు. ‘అది నేను అల్లిందే’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కొత్త మాస్టారి పరువు అడ్డొచ్చింది.

సోమవారం ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు ఈ పుకారు ఎవరు లేపారని గట్టిగా అడిగారు. తొమ్మిదో తరగతి మొత్తం నావైపు చూసి, చటుక్కున తలలు దించుకుంది. ఒక్కరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రెండు నిమిషాలు తలుచుకుంటే ఇవాళ్టికీ ముఖం చెల్లదు.

క్లాసులో మా లాయరమ్మ (తరగతి లీడరు, ప్రశ్న వేయనిదే కూర్చునేది కాదు) కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్ల అవ్వ రెండెకరాల చెనిక్కాయ (వేరుశనగ) శనివారమే పీకించి చేన్లో ఆరేసింది. కుప్ప వేయడానికి కూలివాళ్లు భయపడి రాలేదు. బయట మబ్బు కమ్ముతోంది. నాలుగు ప్రశ్నలూ వేసుకోలేదా అమ్మా అన్నాను, తప్పు ఆ పిల్లదే అయినట్టు.

“ఏసుకున్నాం సార్. ఎవురు చెప్పినారు? మా సారే చెప్పినాడు. ఇంకెవురన్నా చెప్పినారా? ఊరంతా చెప్తాండారు. ఇంగేం అడగాల?”

నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్లి ఒప్పుకున్నాను. ఆయన కిటికీలోంచి మబ్బు చూసి, తిట్లు తర్వాత తిందువుగానీ ముందు పో అన్నారు. టీ అంగడి దగ్గర కూలివాళ్లు కూర్చుని ఉన్నారు. ఆ చిరుత నాదే, నేనే చేశానని మొత్తుకున్నాను. ఎవరూ నమ్మలేదు. ఒకాయన జాలిగా, “పైనుంచి నీకు ఒత్తిడి వచ్చుండాది, మాకు తెలీదా సార్,” అన్నాడు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఇస్త్రీ ప్యాంటు పైకి మడిచి ఒక్కణ్నే చేన్లోకి దిగి, చెట్లు మోపులు కట్టడం మొదలుపెట్టాను. (మోపు ఎత్తిన ప్రతిసారీ విడిపోయేది.) అవ్వ గట్టు మీద నిలబడి కాసేపు చూసి, తానూ వచ్చి పక్కన వంగింది. అరగంటైనా నన్నేదీ తినకపోవడంతో, వెనకాలే వచ్చి దూరంగా నిలబడి చూస్తున్న కూలివాళ్లు ఒక్కొక్కరే దిగారు. కుప్ప మీద టార్పాలిన్ పట్ట కప్పుతుండగా వాన పడింది. చివర నాలుగు సాళ్లు మాత్రం తడిసిపోయాయి. అవ్వ తిడితే బాగుండేది. తిట్టలేదు.

“మా కోడలు పుట్టిల్లు ధర్మవరం. ఆడ పట్టుచీరంటే ఉత్తినే నమ్మరప్పా. ఒక పోగు తీసి, కాల్చి, వాసన చూస్తారు,” అంది కొంగు పిండుకుంటూ. “సదువు చెప్పే సారువి, నిన్నేమని కాల్చి చూసేది?”

మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ జరిగింది, ఫోటోలో మంచుతో సహా, చెప్పాను. బోర్డు మీద అయిదో ప్రశ్న రాశాను: చెప్పింది మన సారే అయినా అడిగామా?

ఈ మధ్య నాకు హిందూపురం బదిలీ అయింది. ఆ పాత గ్రూపు ఇంకా ఉంది. లాయరమ్మ ఇప్పుడు డిగ్రీ. బదిలీ ఆర్డరు ఫోటో తీసి గర్వంగా అందులో పెట్టాను. నిమిషంలో ఆమె జవాబు వచ్చింది: “సార్, ఎనకాల మంచేమన్నా ఉండాదేమో చూసినారా?”

నవ్వుకున్నాను. తర్వాత ఫోటోను పెద్దది చేసి, ఎందుకైనా మంచిదని, నిజంగానే ఒకసారి చూసుకున్నాను.